కోర్టు తలుపు దాకా తీసుకెళ్లాల్సింది రాష్ట్ర సర్కారే

తనకు న్యాయం జరగలేదని బాధపడే మనిషి మామూలుగా ఇద్దరిని తప్పుపడతాడు. జడ్జిగారు వాయిదాల మీద వాయిదాలు వేస్తున్నారంటాడు. లేదా ఢిల్లీలో చట్టం మార్చేశారంటాడు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే జడ్జికీ ఢిల్లీకీ మధ్య ఉన్న మూడో పక్షం పేరు మాత్రం ఈ ఫిర్యాదుల్లో సాధారణంగా వినిపించదు. ఆ మూడో పక్షం రాష్ట్ర ప్రభుత్వం.

ఒక మనిషిని పట్టుకెళ్లే పోలీసులు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు. అతణ్ణి ఉంచే జైలు రాష్ట్ర ప్రభుత్వానిది. వాయిదా రోజున జైలు నుంచి కోర్టుకు తీసుకెళ్లే వ్యానూ, అందులో కూర్చునే ఎస్కార్టు సిబ్బందీ రాష్ట్ర ప్రభుత్వం వాళ్లే. సెషన్స్ కోర్టులో ప్రజల తరఫున కేసు నడిపే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ను నియమించేదీ రాష్ట్ర ప్రభుత్వమే. వకీలు ఫీజు ఇచ్చుకోలేని పేదవాడికి ఎంత ఆదాయం లోపు ఉంటే ఉచిత న్యాయ సహాయం దొరుకుతుందో ఆ హద్దు గీసేది రాష్ట్ర ప్రభుత్వం. సాక్షికి రక్షణ కల్పించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. చివరికి శిక్ష పడిన ఖైదీని ముందుగా వదలాలా వద్దా అన్న నిర్ణయం కూడా చాలా కేసుల్లో రాష్ట్ర సచివాలయంలోనే జరుగుతుంది. తీర్పు రాసే కలం ఒక్కటే జడ్జి చేతిలో ఉంటుంది. ఆ కలం దాకా కేసు చేరే దారిలో ముప్పాతిక భాగం రాష్ట్ర ప్రభుత్వ అధీనంలో ఉంది.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు తిరగేస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. శాంతిభద్రతలు, పోలీసు, జైళ్లు ఈ మూడూ రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. న్యాయపాలన మొదట రాష్ట్రాల జాబితాలోనే ఉండేది. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో తెచ్చిన 42వ సవరణతో అది ఉమ్మడి జాబితాలోకి మారింది. విచిత్రమేమంటే పేదలకు ఉచిత న్యాయ సహాయం రాజ్యం బాధ్యత అని చెప్పే 39-ఎ అధికరణం కూడా అదే సవరణతో రాజ్యాంగంలోకి వచ్చింది. వేల మందిని విచారణ లేకుండా జైళ్లలో పెట్టిన రోజుల్లోనే ఆ మాట రాజ్యాంగంలో రాశారు!

రాసిన మాట కాగితం మీద ఉండిపోయింది. దాన్ని కదిలించిన కేసు మీద ఒక ముస్లిం స్త్రీ పేరు ఉంది. దేశంలో న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ ఆ పేరు తెలుసు. మన ఇళ్లల్లో మాత్రం తెలిసినవాళ్లు తక్కువ.

బీహార్ హాజరు కాని రోజు

ఆమె పేరు హుస్సేనారా ఖాతూన్. బీహార్ జైలులో విచారణ ఖైదీ. 1979 జనవరి 8, 9 తేదీల్లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో కె.ఎఫ్. రుస్తంజీ రాసిన వ్యాసాలు వచ్చాయి. ఆయన పోలీసు శాఖలో పెద్ద పదవులు చేసిన అధికారి, అప్పటి జాతీయ పోలీసు కమిషన్ సభ్యుడు. ఆ హోదాలో బీహార్ జైళ్లు చూసి వచ్చి తన కంటపడింది రాశారు. విచారణే మొదలు కాకుండా ఏళ్ల తరబడి లోపల మగ్గుతున్నవాళ్లు. నేరం రుజువై ఉంటే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం అప్పటికే జైల్లో గడిపినవాళ్లు. వాళ్లలో స్త్రీలున్నారు, పిల్లలున్నారు. కొందరు ఆడవాళ్ల మీద అసలు నేరారోపణే లేదు. వాళ్లు నేరానికి బలైనవాళ్లో, సాక్షులో. ‘రక్షణ’ పేరుతో వాళ్లను కూడా జైల్లోనే పెట్టారు.

కపిలా హింగోరానీ అనే న్యాయవాది ఆ వ్యాసాలను పట్టుకుని సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశారు. వ్యాసంలో పేర్లు వచ్చిన ఖైదీలే పిటిషనర్లు. అందులో మొదటి పేరు హుస్సేనారా ఖాతూన్‌ది. ఆమెకు వకీలును పెట్టుకునే స్తోమత లేదు. తన పేరు మీద ఢిల్లీలో కేసు నడవాలని ఆమె ఎవరినీ అడిగి ఉండదు.

సుప్రీంకోర్టు బీహార్ ప్రభుత్వానికి నోటీసు పంపింది. రెండు వారాలు గడిచాయి. ఫిబ్రవరి 5న కేసు పిలిచినప్పుడు రాష్ట్రం తరఫున ఒక్కరు కూడా హాజరు కాలేదు. జస్టిస్ పి.ఎన్. భగవతి తన ఉత్తర్వులో ఈ సంగతిని నమోదు చేశారు. ప్రభుత్వం వచ్చి కాదనలేదు గనుక పత్రికలో వచ్చిందంతా నిజమేననుకుని ముందుకు పోతున్నామని అన్నారు. పేదవాడు వాయిదాకు రాకపోతే వారంటు పుడుతుంది. ఒక రాష్ట్ర ప్రభుత్వమే వాయిదాకు రాకపోతే ఏమవుతుందో ఆ రోజు తెలిసింది. జాబితాలోని ఖైదీలను సొంత పూచీకత్తు మీద వెంటనే వదలమని ఫిబ్రవరి 12న ఉత్తర్వు వచ్చింది.

ఆ కేసు ఒక ఉత్తర్వుతో ముగియలేదు. నెలల పాటు వరసగా ఉత్తర్వులు వచ్చాయి. జైలు వారీగా, సంవత్సరం వారీగా ఎవరు ఎప్పటి నుంచి లోపల ఉన్నారో పట్టికలు వేసి ఇవ్వమని కోర్టు బీహార్‌ను ఆదేశించింది. ‘రక్షణ’ పేరుతో జైల్లో ఉన్న స్త్రీలను విడిచి సంక్షేమ గృహాలకు పంపమంది. మార్చి 9 నాటి ఉత్తర్వులో రెండు సంగతులు తేల్చి చెప్పింది. వకీలును పెట్టుకోలేని నిందితుడికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగం. డబ్బు లేదనీ సిబ్బంది లేరనీ చెప్పి రాష్ట్ర ప్రభుత్వం సత్వర విచారణ జరిపించే బాధ్యత నుంచి తప్పించుకోవడానికి వీల్లేదు.

ఈ రెండో మాటే అసలైనది. ఖజానా ఖాళీ అన్న మాట ఏ ప్రభుత్వమైనా చెప్పగలదు. రోడ్డు వేయకపోతే చెప్పవచ్చు, బడి కట్టకపోతే చెప్పవచ్చు. మనిషిని జైల్లో పెట్టే స్తోమత ఉన్న ప్రభుత్వం అతని కేసు విచారించే స్తోమత మాత్రం లేదనడం చెల్లదని కోర్టు తేల్చింది. ఆ కేసు ఫలితంగా దేశం మొత్తం మీద సుమారు 40 వేల మంది విచారణ ఖైదీలు బయటపడ్డారని లెక్క చెబుతారు.

అయినా బీహార్ వెంటనే మారిపోలేదు. ఆ కేసు నడుస్తున్న కాలంలోనే భాగల్‌పూర్‌లో పోలీసులు 30 మందికి పైగా నిందితుల కళ్లు పొడిచి యాసిడ్ పోశారు. ఆ కేసు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు మరో సంగతి బయటపడింది. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టినప్పుడు ఆ నిందితులకు వకీలు లేడు. ఎందుకు లేడయ్యా అంటే, వాళ్లు అడగలేదు గనుక ఇవ్వలేదన్నారు. చదువురాని మనిషికి, అప్పుడే చూపు పోయిన మనిషికి, తనకు ఒక హక్కు ఉందని తెలిసేదెలా? అడిగినా అడగకపోయినా మొదటిసారి మేజిస్ట్రేటు ముందుకు తెచ్చిన రోజు నుంచే వకీలును ఇవ్వాలని, ఆ హక్కు ఉందని నిందితుడికి మేజిస్ట్రేటే చెప్పాలని కోర్టు ఆదేశించింది. ఈసారి కూడా బీహార్ ప్రభుత్వం నిధుల కొరత ఏకరువు పెట్టింది. ఈసారి కూడా ఆ మాట చెల్లలేదు.

1983లో బీహార్ నుంచే మూడో కేసు. రుదుల్ షా అనే మనిషిని 1968లో సెషన్స్ కోర్టు నిర్దోషి అని వదిలేసింది. జైలు వదల్లేదు. 14 ఏళ్ల తర్వాత 1982లో బయటికొచ్చాడు. సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని, అప్పటికే ఇచ్చిన 5 వేలు కాక మరో 30 వేల రూపాయలు కట్టమంది. పోయిన 14 ఏళ్లకు అది ఏ లెక్కకూ సరిపోదు. కానీ ప్రాథమిక హక్కును కాలరాసిన ప్రభుత్వం చేత నేరుగా పరిహారం కట్టించవచ్చన్న దారి అక్కడ తెరుచుకుంది. దాని విలువ హైదరాబాద్ సంగతికి వచ్చినప్పుడు తెలుస్తుంది.

సర్కారీ వకీలు ఎవరి పక్షం?

నిందితుడి సంగతి అలా ఉంచి, బాధితుల సంగతి చూద్దాం. ఇక్కడ గుజరాత్‌ను తలుచుకోక తప్పదు.

2002 మార్చి 1న వడోదరలో బెస్ట్ బేకరీని తగలబెట్టారు. 14 మంది చనిపోయారు. 2003 జూన్‌లో ఫాస్ట్‌ట్రాక్ కోర్టు 21 మంది నిందితులనూ వదిలేసింది. సాక్షులు ఒకరి వెనక ఒకరు మాట మార్చారు. తీర్పు చదివితే జడ్జి ముందు సాక్ష్యం లేదు, ఆయన ఏం చేస్తారు అనిపిస్తుంది. కానీ సాక్ష్యం ఎందుకు లేకుండా పోయింది? దర్యాప్తు చేసింది రాష్ట్ర పోలీసులు. కేసు నడిపింది రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ప్రాసిక్యూటర్. సాక్షులకు రక్షణ ఇవ్వాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. ఆఖరికి తీర్పు మీద అప్పీలు వేయాల్సింది కూడా ఆ ప్రభుత్వమే.

జాతీయ మానవ హక్కుల కమిషన్ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 2004 ఏప్రిల్ 12న వచ్చిన తీర్పులో జస్టిస్ దొరైస్వామి రాజు, జస్టిస్ అరిజిత్ పసాయత్ గుజరాత్ ప్రభుత్వాన్ని, దాని ప్రాసిక్యూటర్‌ను కఠినంగా తప్పుపట్టారు. ప్రాసిక్యూటర్ ముద్దాయిల వకీలులా నడుచుకున్నాడన్నారు. కేసును మహారాష్ట్రకు మార్చి మళ్లీ విచారించమన్నారు. కొత్త ప్రాసిక్యూటర్‌ను పెట్టమని, ఎవరిని పెట్టాలో బాధితులు పేర్లు సూచించవచ్చని చెప్పారు. ఆ ఏడాది ఆగస్టులో, గుజరాత్ పోలీసులు మూసేసిన రెండు వేలకు పైగా అల్లర్ల కేసులను తిరిగి పరిశీలించమని కోర్టు ఆదేశించింది.

ముంబై కోర్టు 2006లో 9 మందికి శిక్ష వేసింది. 2012లో బొంబాయి హైకోర్టు వారిలో నలుగురి శిక్షను ఖాయం చేసి, ఐదుగురిని వదిలింది. ఈ కేసులో ప్రధాన సాక్షి జాహిరా షేక్ మాటిమాటికీ వాంగ్మూలం మార్చినందుకు 2006లో సుప్రీంకోర్టు ఆమెనే ఏడాది జైలుకు పంపింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు కూడా లేవు. ఆమె చేసింది తప్పు కాదని చెప్పడం లేదు. కానీ సాక్షిని కాపాడలేని యంత్రాంగంలో జైలుకు వెళ్లింది సాక్షి. కాపాడాల్సినవాళ్లలో ఎవరు వెళ్లారని అడిగితే జవాబు లేదు.

బిల్కిస్ బానో ఉదంతం అందరికీ తెలిసిందే కాబట్టి వివరంగా చెప్పనక్కర్లేదు. ఆమె కేసునూ 2004లో మహారాష్ట్రకు మార్చారు. 2008లో శిక్షలు పడ్డాయి. 2019లో సుప్రీంకోర్టు ఆమెకు 50 లక్షల రూపాయలు, ఉద్యోగం, నివాసం ఇవ్వమని గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అదే ప్రభుత్వం 2022 ఆగస్టు 15న శిక్ష పడిన 11 మందినీ ముందుగా వదిలేసింది. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదల చెల్లదంది. శిక్ష వేసింది మహారాష్ట్ర కోర్టు అయినప్పుడు, శిక్ష తగ్గించే అధికారం గుజరాత్‌కు లేదని చెప్పింది. 11 మందీ మళ్లీ జైలుకు పోయారు. నేరం జరిగిన ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఒక స్త్రీ తన రాష్ట్ర ప్రభుత్వం మీదనే కోర్టుకెక్కవలసి వచ్చింది.

మన ఊరి సంగతి

బీహార్, గుజరాత్ ఎక్కడో దూరాన ఉన్నాయనుకునేవారు 2007ను గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది మే 18, జుమా రోజు. హైదరాబాద్ మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. 9 మంది చనిపోయారు. ఆ తర్వాత బయట జరిగిన ఆందోళన మీద పోలీసులు కాల్పులు జరిపితే మరో ఐదుగురు పోయారు. పేలుడు కేసు సీబీఐకి వెళ్లింది. నగర పోలీసులు మాత్రం కుట్ర కేసుల పేరుతో పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. అరెస్టు చూపకుండా రోజుల తరబడి ఉంచారని, చిత్రహింసలు పెట్టారని ఫిర్యాదులు వచ్చాయి. రాష్ట్ర మైనారిటీల కమిషన్ తరఫున న్యాయవాది రవిచందర్ జైలుకు వెళ్లి వాళ్లను చూసి, ఆ ఫిర్యాదుల్లో నిజం ఉందని నివేదిక ఇచ్చారు. రాష్ట్రమే పెట్టిన కమిషన్ రాష్ట్ర పోలీసుల గురించి చెప్పిన మాట ఇది.

ఆ కేసులు కోర్టులో నిలవలేదు. కుర్రాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. తర్వాత పేలుడు కేసు దర్యాప్తు పూర్తిగా వేరే దిక్కుకు తిరిగి, 2010లో హిందూత్వ సంస్థలతో సంబంధం ఉన్న మనుషుల అరెస్టులు జరిగాయి. 2018 ఏప్రిల్ 16న నాంపల్లి ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులంది. అంటే మక్కా మసీదులో చనిపోయిన 9 మంది కుటుంబాలకు ఆ పని చేసిందెవరో ఏ కోర్టూ చెప్పలేదు. తప్పుగా జైలుపాలైన కుర్రాళ్లకు అలా చేసిందెవరో ఎవరూ చెప్పలేదు. ఈ రెండు గుంపులనూ ఒకరికొకరు ఎదురుగా నిలబెట్టి మాట్లాడేవారున్నారు. నిజానికి ఇద్దరూ ఒకే దర్యాప్తు చేతిలో నష్టపోయారు.

ఇప్పుడు అసలు విషయం. 2012 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది. కేసులు ఎదుర్కొని బయటపడ్డ 20 మందికి తలా 3 లక్షలు, పట్టుకెళ్లి వదిలేసిన 50 మందికి తలా 20 వేలు. మొత్తం 70 లక్షలు. వాటితోపాటు మంచి నడవడి ఉన్నవారని ధ్రువపత్రాలు. దేశంలో ఒక ప్రభుత్వం ఇలా చేయడం అరుదు. ఆ రోజు చాలామంది సంతోషించారు. అందులో తప్పేమీ లేదు.

2013లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. కోర్టు నిర్దోషి అన్నంత మాత్రాన పరిహారం ఇవ్వాలని ఏ చట్టంలో ఉందన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర నిలబడే జవాబు లేకపోయింది.

ఈ తీర్పు చూసి కోర్టును తిట్టుకోవడం తేలిక. కానీ జీవోను చూడండి. పోలీసులు ఫలానా తప్పు చేశారని, ఫలానా కుర్రాడి ఫలానా హక్కు దెబ్బతిన్నదని, అందుకు ఫలానా అధికారి బాధ్యుడని తేల్చి పరిహారం ఇచ్చి ఉంటే సంగతి వేరుగా ఉండేది. 1983 నాటి రుదుల్ షా తీర్పు దానికి ఆసరాగా నిలిచేది. ప్రభుత్వం ఆ పని చేయలేదు. తప్పు ఒప్పుకోకుండా డబ్బు పంచింది. అది దయగా ఇచ్చిన సొమ్ము అయింది కానీ హక్కుగా వచ్చింది కాలేదు. బిల్కిస్ బానోకు 50 లక్షలు కోర్టు ఉత్తర్వు మీద వచ్చాయి. ఏ జీవో మారినా ఆ ఉత్తర్వు మారదు. పాతబస్తీ కుర్రాళ్ల చెక్కుల వెనక ఉన్నది ఒక్క జీవో. అది రెండేళ్లు కూడా నిలవలేదు.

అక్షరధాం కేసులోనూ ఇంచుమించు ఇదే జరిగింది. 2014 మేలో సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా వదిలింది. పోటా చట్టం కింద వాళ్లను విచారించడానికి గుజరాత్ హోంమంత్రి అనుమతి ఇచ్చినప్పుడు బుర్ర పెట్టి ఆలోచించలేదని కూడా అంది. వాళ్లలో కొందరికి అప్పటికి జైల్లో పదేళ్లు దాటిపోయాయి. పరిహారం అడిగితే 2016లో అదే సుప్రీంకోర్టు కాదంది. ఇలా ఇస్తూ పోతే ప్రమాదకరమైన ఆనవాయితీ అవుతుందంది. తప్పుడు కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకు పరిహారం ఇచ్చే చట్టం చేయమని లా కమిషన్ 2018 ఆగస్టులో తన 277వ నివేదికలో చెప్పింది. ఆ చట్టం రాలేదు. ఇక్కడ ఢిల్లీని అడగాల్సిందే. అయితే ఆ చట్టం వచ్చేదాకా తన పోలీసులు చేసిన తప్పును తానే తేల్చి రికార్డు మీద పెట్టకుండా రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆపేవారెవరూ లేరు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ నాంపల్లి కోర్టుకు తీసుకొస్తున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర పోలీసు వాహనంలోనే ఎస్కార్టు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధం లాక్కోబోయారని పోలీసులన్నారు. చేతులకు బేడీలున్న శవాల ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. తెలంగాణ ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. వాళ్ల మీద ఉన్న ఆరోపణలు చిన్నవి కావు. పోలీసులను చంపారన్నవి కూడా అందులో ఉన్నాయి. అందుకే ఆ తీర్పు కోర్టు నుంచి రావాలి. ఆ రోజు వాళ్లు వెళ్తున్నది కోర్టుకే. వాళ్లను క్షేమంగా అక్కడికి చేర్చే పూచీ రాష్ట్ర ప్రభుత్వానిది.

ఇప్పుడు అడగదగినవి

2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మంది కన్నా ఎక్కువ. హుస్సేనారా ఖాతూన్ కేసు జరిగి నలభై ఏళ్లు దాటాక ఉన్న లెక్క ఇది.

చట్టాలు లేక కాదు. ఉచిత న్యాయ సహాయ చట్టం 1987లో పార్లమెంటు చేసింది. ఎనిమిదేళ్లు నిద్రపోయి 1995 నవంబర్ 9న అమల్లోకి వచ్చింది. ఆ చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకు, పిల్లలకు, జైల్లో ఉన్నవారికి, దళితులకు, గిరిజనులకు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలు దొరకాలి. మతకలహాల్లో నష్టపోయినవారికి కూడా అంతే. మిగిలినవారికి రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఆదాయ పరిమితి వర్తిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. కోర్టు బయట చెట్టు కింద కొడుకు వాయిదా కోసం కూర్చుని, బంగారం తాకట్టు పెట్టి వకీలుకు ఫీజు కట్టిన తల్లుల్లో ఎంతమందికి ఈ సంగతి చెప్పారు? కొడుకు జైల్లో ఉన్నాడంటేనే అతనికి వకీలు ఉచితం. అది ఆమె గాజులతో ముడిపడిన విషయం కాదు.

ఆడవాళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 2024 జూలై 10న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోదే. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని అది చెప్పింది. ఆ కేసులో ఫ్యామిలీ కోర్టు నెలకు 20 వేలు ఇమ్మంటే హైకోర్టు 10 వేలు చేసింది. ఆ తీర్పు మీద మన సమాజంలో భిన్నాభిప్రాయాలున్నాయి, ఉండనివ్వండి. ఆ సెక్షన్ కింద వెళ్లినా, 1986 నాటి చట్టం కింద వెళ్లినా ఆమెకు వకీలు కావాలి, దగ్గరలో కోర్టు ఉండాలి. ఫ్యామిలీ కోర్టులు నెలకొల్పేది రాష్ట్ర ప్రభుత్వం. ఆ వకీలు ఫీజు ఆమె కట్టనక్కర్లేదు.

విచారణ ఖైదీల విషయంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ఒక మేలు చేసింది. మొదటిసారి కేసులో ఇరుక్కున్న వ్యక్తి ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపేస్తే బెయిలుకు అర్హుడు. మిగతావారికి సగం. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటి కన్నా ఎక్కువ కేసులు నడుస్తున్నవారికీ వర్తించదు. ఆ గడువు నిండగానే కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యతను చట్టం ఖైదీ మీద వేయలేదు. జైలు సూపరింటెండెంట్ మీద వేసింది. సూపరింటెండెంట్ రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి. పాత కేసులకు కూడా ఈ సెక్షన్ వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

అదే సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్ర ప్రభుత్వమూ సాక్షుల రక్షణ పథకాన్ని తయారుచేసి ప్రకటించాలంటుంది. బెయిలు వచ్చినా పూచీకత్తు డబ్బు కట్టలేక లోపలే ఉండిపోయినవారి కోసం 2023లో కేంద్రం ఒక పథకం పెట్టింది. పథకం పెట్టినప్పుడు విచారణ ఖైదీకి 40 వేల వరకు, శిక్షపడి జరిమానా కట్టలేనివారికి 25 వేల వరకు ఇవ్వవచ్చన్నారు. డబ్బు కేంద్రానిది. అర్హులను వెతికి పట్టాల్సింది మాత్రం జిల్లాలో కలెక్టర్, ఎస్పీ, జైలు సూపరింటెండెంట్, న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శి ఉండే కమిటీ.

కాబట్టి అడగదగిన ప్రశ్నలు కష్టమైనవేమీ కాదు. మా జిల్లా జైల్లో మూడో వంతు గడువు దాటినవాళ్లు ఎంతమంది? వాళ్ల కోసం సూపరింటెండెంట్ ఎన్ని దరఖాస్తులు పెట్టారు? పూచీకత్తు పథకం కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఎందరి డబ్బు కట్టింది? ఎస్కార్టు రాలేదని ఈ ఏడాది ఎన్ని వాయిదాలు పోయాయి? ఎన్నికల సభలో వేదిక మీదున్న అభ్యర్థిని కూడా ఈ ప్రశ్నలు అడగవచ్చు. షాదీఖానా కట్టిస్తాం, ఇఫ్తార్ విందు ఇస్తాం అనేవాళ్లకు ఈ లెక్క తెలుసో లేదో చూడవచ్చు. కాగితం మీద జవాబు కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మామూలు ప్రశ్నకు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన ప్రశ్నకైతే 48 గంటల్లో ఇవ్వాలి. గడువు దాటినా జైల్లోనే ఉన్న మనిషి గురించి అడిగే ప్రశ్న ఈ రెండో రకం కిందకే వస్తుంది.